పాత డీజిలు లారీలు – గాలి ఫిల్టరు ఎన్నిక, సంరక్షణ

గడచిన దాళ్వా కోతలనాడు మన సంఘపు లారీ యంత్రమును విప్పవలసి వచ్చిన సంగతి సభ్యులందఱకును తెలిసినదే. కళ్లములలో ధాన్యము బస్తాల కెత్తి సిద్ధముగ నుండెను. ఆకాశమున మబ్బులు కమ్ముచుండెను. మన లారీ మాత్రము షెడ్డులో కదలక నిలిచెను. ఆ వారమున అద్దె లారీలవారు అడిగినదే ధర యయ్యెను. కొందఱు సభ్యుల ధాన్యము కళ్లములోనే తడిసెను. యంత్రము ఇంకను విప్పి యుండగానే జరిగిన సర్వసభ్య సమావేశమున, దీనికి కారణమేమని సభ్యులు మమ్ము ప్రశ్నించిరి. "డ్రైవరు గాలి ఫిల్టరును సరిగా చూచుకొనలేదు" అని మేము సమాధానము చెప్పితిమి. ఆతని జీతములో కొంత నిలుపుదల చేయుటకును తీర్మానించితిమి.

ఆ సమాధానము తప్పు. సరియైన సమాధానమును, దానితోపాటు పాత డీజిలు యంత్రముల గాలి ఫిల్టరులను గూర్చి మేము ఆలస్యముగా నేర్చుకొన్న విషయములను ఈ సంచికలో విన్నవించుచున్నాము. సొంతముగా లారీ గాని, ట్రాక్టరు గాని, వరికోత యంత్రము గాని గల సభ్యులు దీనిని తుదివఱకు చదువ ప్రార్థన.

యంత్రము పీల్చు గాలి

డీజిలు యంత్రమునకు రెండు ఆహారములు కావలెను: ఒకటి నూనె, రెండవది గాలి. నూనెను మనము లీటర్ల లెక్కన కొందుము. బంకువారి రసీదును దాచుకొందుము. గాలి ఊరక వచ్చునది గాన దాని లెక్కను ఎవ్వరును వ్రాయరు. కాని ఒక్క లీటరు డీజిలు పూర్తిగా కాలుటకు తక్కువలో తక్కువ 12 కిలోల గాలి, అనగా సుమారు 10,000 లీటర్ల గాలి కావలెను. డీజిలు యంత్రము ఎల్లప్పుడును అంతకంటె హెచ్చుగానే పీల్చును.

మన లారీ యంత్రము ఆరు సిలిండర్లది. వాని మొత్తము ఘనపరిమాణము సుమారు 5.7 లీటర్లు. అది నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునపుడు, రెండు చుట్ల కొకమాఱు ఊపిరి పీల్చును గాన, నిమిషమునకు ఇంచుమించు 4,700 లీటర్ల గాలి దాని కడుపులోనికి పోవును. గంటకు లెక్కించినచో, పది మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు గల గిడ్డంగిలో పట్టునంత గాలి. ఊరకున్న మనుష్యుడు నిమిషమునకు పీల్చునది ఏడెనిమిది లీటర్లే. అనగా మన లారీ ఒక్కటే ఆఱువందల మంది పీల్చు గాలిని పీల్చుచున్నది.

ఆ గాలి ఎట్టిది? కోతలకాలమున డొంకదారిని ముందు పోవు ట్రాక్టరు లేపు ధూళి, కోతయంత్రము చిమ్ము పొట్టు, మిల్లు ఆవరణలోని ఊక నుసి — ఇదియే మన లారీ పీల్చు గాలి. మట్టి ధూళిలో హెచ్చుపాలు ఇసుక జాతిది. పదార్థముల కాఠిన్యమును కొలుచు పది మెట్ల కొలతలో ఇసుకరాయి ఏడవ మెట్టున నుండును. సిలిండరు చేయు పోతయినుము దానికంటె మెత్తనిది. వరి ఊకలోను ఆ జాతి సిలికాయే గలదు. గానుగలో చెఱకువలె ఇనుము నలుగదు గాని, సానఱాతి మీద కత్తివలె అరుగును.

కంటికి కనబడు పెద్ద రేణువులే చెఱుపు చేయునని తలంచరాదు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. పిస్టను రింగునకును సిలిండరు గోడకును నడుమ నుండు నూనె పొర కొద్ది మైక్రాన్ల మందము మాత్రమే. 5 మొదలు 20 మైక్రాన్లు గల ధూళి ఆ సందులో చిక్కుకొని రెండు ప్రక్కలను గీయుచుండును. కావున కంటికి ఆనని ధూళియే యంత్రమునకు ప్రధాన శత్రువు.

ఈ సంగతి ముందుగా తెలిసివచ్చినది సేద్యపు నేలలలోనే. 1915లో అమెరికా దేశమున ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనునాయన, పొలములలోని ధూళివలన ట్రాక్టరు యంత్రములు త్వరగా చెడుట చూచి, వానికి గాలిని వడపోయు సాధనము నొకదానిని కల్పించెను. రైతు యంత్రమునకు పుట్టిన కష్టమునుండియే ఈ పరికరము వృద్ధిపొందినదని మనము గుర్తుంచుకొనవలెను.

పొగ చెప్పు మాటలు

ఫిల్టరునకు రెండు విధములుగా కీడు కలుగును: పూడిపోవుట యొకటి, ధూళిని లోనికి వదలుట మఱియొకటి. ఈ రెండింటి లక్షణములు వేఱు వేఱు.

మన దేశమున పాత లారీలనగా చాలవఱకు జంషెడ్‌పూరున టాటావారు 1954లో జర్మనీ దేశపు డైమ్లర్–బెంజ్ వారితో ఒప్పందము చేసికొని ఆరంభించిన లారీల సంతతియు, మద్రాసు చెంత ఎన్నూరున అశోక్ లేలాండు వారు చేసిన లారీల సంతతియు. వీని పాత మాదిరులలో డీజిలు పంపు కేవలము యాంత్రికమైనది. నేటి ఎలక్ట్రానిక్ యంత్రములలో లోనికి వచ్చు గాలి తగ్గినచో కంప్యూటరు దానిని గ్రహించి డీజిలును తగ్గించును. పాత పంపునకు ఆ తెలివి లేదు. డ్రైవరు కాలు నొక్కినంత నూనెను పోయుచునే యుండును. ఫిల్టరు పూడినపుడు గాలి చాలక ఆ నూనె సగము కాలి సగము కాలక నల్లని పొగగా వెడలును. బండి ఏటవాలు ఎక్కుటకు మొరాయించును. డీజిలు ఖర్చు పెరుగును. కాలుష్య పరీక్షలో బండి నిలువదు. ఈ దోషము కనబడునది. ఫిల్టరు మార్చినంతనే పోవునది. నల్లని పొగకు ఇంజెక్టర్ల దోషము వంటి ఇతర కారణములు కూడ నుండవచ్చును గాని, ముందుగా చూడవలసినది ఫిల్టరునే.

రెండవది కనబడని దోషము. ఫిల్టరు చినిగినను, ప్రక్కసందులనుండి ధూళి దూరినను, బండి నడకలో నాడు ఏ లోపమును తోపదు. పైగా గాలి ధారాళముగా వచ్చుచుండుటచే చుఱుకుగానే నడచును. నెలలు గడచిన పిమ్మట ఇంజను ఆయిలు తఱుగుట, నీలిపొగ, బ్రీదరు గొట్టమునుండి ఆవిరి, ఉదయమున స్టార్టు కాకపోవుట మొదలగునవి ఒకదాని వెనుక నొకటి బయలుపడును. అప్పటికి రింగులును సిలిండర్లును అరిగిపోయి యుండును. క్రొత్త ఫిల్టరు వేసినంత మాత్రమున అరిగిన ఇనుము తిరిగి రాదు. మన లారీకి కలిగినది ఈ రెండవ దోషమే.

నూనెతొట్టి ఫిల్టరు

పాత లారీలలో రెండు జాతుల ఫిల్టరులు కనబడును. మొదటిది నూనెతొట్టి ఫిల్టరు. దీనిలో గాలి నడిమి గొట్టముగుండ క్రిందికి దిగి, తొట్టిలోని నూనెను తాకి, చటుక్కున పైకి మరలును. బరువైన ధూళి మరలలేక నూనెలో పడును. మిగిలినది నూనెతో తడిసిన తీగెల జాలికి అంటుకొనును. దీనికి మాటిమాటికి క్రొత్త సరకు కొనవలసిన పని లేదు. అందువలననే మన పెద్దలు దీనిని మెచ్చుకొనిరి. అయితే దీనికి రెండు లోపములు కలవు. అతి సన్నని ధూళిని ఇది పట్టజాలదు. యంత్రము మెల్లగా తిరుగునపుడు గాలి విసురు చాలక దీని శక్తి యింకను తగ్గును. మిల్లు వాకిట ఇంజను ఆపకుండ గంటలకొలది బండిని నిలుపు అలవాటు ఇందువలన కూడ మంచిది కాదు.

ఈ ఫిల్టరు గలవారు పాటింపవలసిన నియమము లివి. బండిని సమమైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, కొంతసేపు తాళి తొట్టిని దింపవలెను. దుమ్ముదారులలో తిరుగు దినములలో ప్రతిదినమును తొట్టిని చూడవలెను. అడుగున ఒక సెంటీమీటరు మేర బురద పేరుకొన్నను, నూనె చిక్కబడినను, దానిని పాఱబోసి తొట్టిని కడిగి క్రొత్త నూనె పోయవలెను. యంత్రపు పుస్తకములో వేఱుగా చెప్పనిచో ఇంజనులో పోయు ఆయిలే దీనికిని తగును; వాడి తీసిన నల్లనూనెను పోయరాదు. తీగెల జాలిని డీజిలుతో గాని కిరసనాయిలుతో గాని కడిగి, పూర్తిగా కారిపోవువఱకు ఉంచి బిగించవలెను. పెట్రోలుతో కడుగుట నిప్పుతో ఆడుట.

నూనెను గీతవఱకే పోయవలెను. గీతకు తక్కువైనచో ధూళి లోనికి పోవును. ఎక్కువైనచో అంతకంటె గొప్ప అపాయము గలదు: యంత్రము ఆ నూనెను పీల్చుకొని దానినే ఇంధనముగా కాల్చి, డీజిలు ఆపినను ఆగక వేగము పెంచుకొనుచు పోయి తుదకు పగులవచ్చును. ఎక్కువ పోసిన మేలు ఎక్కువ కలుగునను సామాన్య న్యాయము ఇచ్చట చెల్లదు.

కాగితపు ఫిల్టరును ఎన్నుకొనుట

రెండవ జాతి కాగితపు ఫిల్టరు. మడతలు మడతలుగా పెట్టిన ప్రత్యేకమైన కాగితముగుండ గాలి లోనికి పోవును. మంచి నూనెతొట్టి ఫిల్టరు తగిన వేగమున నూటికి 95 పాళ్లు మొదలుకొని ధూళిని పట్టగా, మంచి కాగితపు ఫిల్టరు నూటికి 99న్నర పాళ్లకు మించి పట్టును. ఈ భేదము చిన్నదిగా తోచును. కాని దాటిపోయిన ధూళిని లెక్కించి చూడుడు: వేయి గ్రాముల ధూళిలో మొదటిది 50 గ్రాములను లోనికి వదలినచో, రెండవది 5 గ్రాములకు తక్కువ వదలును. పట్టినదానినిబట్టి కాక, వదలినదానినిబట్టి ఫిల్టరు యోగ్యతను ఎంచవలెను.

అంగడిలో ఒకే బండికి పలువిధముల ఫిల్టరులు పలు ధరలకు దొరకుచున్నవి. కొనునపుడు ఈ క్రింది విషయములను పరీక్షించవలెను.

మొదటిది, బండి పుస్తకములో నున్న పార్టు నంబరు. డబ్బాలో పట్టినంత మాత్రమున అది ఆ యంత్రమునకు తగినదని తలంచరాదు. పొడవు ఒక్క పిసరు తక్కువైనను రబ్బరు బిగియక, గాలి కాగితముగుండ పోవుట మాని ప్రక్కనుండి పోవును.

రెండవది, మడతలు. అవి ఒకే యెడముతో నిలువుగా నుండవలెను. కొన్నిచోట్ల గుంపుగాను కొన్నిచోట్ల పలుచగాను ఉన్నచో అది నాసిరకము. మడతలు తక్కువగా నున్నచో కాగితపు విస్తీర్ణము తగ్గి త్వరగా పూడును.

మూడవది, చివరల అతుకు. కాగితము రెండు కొనలందును మూతకు జిగురుతో గట్టిగా పట్టియుండవలెను. వ్రేలితో మెల్లగా నొక్కి చూచినచో ఖాళీలు తెలియును.

నాలుగవది, రబ్బరు. నొక్కి వదలినంతనే అది మరల యథారూపమునకు రావలెను. బిరుసైనదియు, పగుళ్లు గలదియు పనికిరాదు.

అయిదవది, రసీదు. పేరుగల ఫిల్టరులకు నకళ్లు వచ్చును. రసీదు ఇయ్యజాలని అంగడిలో కొనరాదు. గాలి ఫిల్టరులను పరీక్షించుటకు ఐ.ఎస్.ఓ. 5011 అను అంతర్జాతీయ ప్రమాణము కలదు; ఆ పరీక్ష జరిపినట్లు తయారీదారు తెలిపినచో అది యొక మంచి గుర్తు.

నూనెతొట్టిని తీసివేసి కాగితపు ఫిల్టరును అమర్చుకొనవచ్చునా యని కొందఱు సభ్యులు అడిగియున్నారు. అమర్చుకొనవచ్చును, కాని యంత్రము పీల్చు గాలికి చాలినంత పెద్ద డబ్బాను ఎన్నుకొనవలెను. చిన్నడబ్బా చవుకగా వచ్చునని బిగించినచో యంత్రము గొంతు నులిమినట్లగును. గాలి లోనికి వచ్చు నోరు చక్రముల ధూళికి దూరముగా, ఎత్తున ఉండవలెను. దానిపై వానమూత ఉండవలెను. పెద్ద ధూళిని సుడి తిప్పి ముందే రాల్చివేయు ముందుజల్లెడ ఉన్నచో దానిని తీసివేయరాదు. అది ఫిల్టరు ఆయుస్సును పెంచును.

మాటిమాటికి తెఱువరాదు

ఇక మేము నేర్చుకొన్న ముఖ్యమైన పాఠము. ఫిల్టరును ప్రతిదినము తీసి దులుపుట శ్రద్ధకు గుర్తని మేము నమ్మియుంటిమి. క్రొత్త ఫిల్టరు కొనుట తప్పించుకొనుటకై, ప్రతిదినమును టైరు దుకాణమున గాలి కొట్టించవలెనని డ్రైవరును ఆజ్ఞాపించియుంటిమి. ఇది పొరబాటు.

కాగితపు ఫిల్టరుపై పలుచని ధూళిపొర యేర్పడిన పిమ్మట అది క్రొత్తదానికంటె బాగుగా ధూళిని పట్టును. ఆ పొరయే మఱియొక జల్లెడ యగును. తెఱచిన ప్రతిసారియు కొంత ధూళి లోపలి గొట్టములో రాలును, రబ్బరు బిగువు సడలును, కాగితము నలుగును. కావున అవసరము లేనిది తెఱువకుండుటయే మేలు.

అవసరము తెలియుట యెట్లు? దీనికై అడ్డగింపు సూచిక యను చిన్న పరికరము దొరకును. దానిని ఫిల్టరునకును యంత్రమునకును నడుమనున్న గొట్టమునకు బిగింతురు. ఫిల్టరు పూడుకొలది యంత్రము గాలిని పీల్చుటకు హెచ్చు బలము పట్టవలసివచ్చును. ఆ బలము పరిమితి దాటినంతనే సూచికలో ఎఱ్ఱని పట్టీ కనబడును. అప్పుడే ఫిల్టరును తెఱువవలెను. యంత్రపు పుస్తకములలో ఈ పరిమితిని నీటిమట్టపు అంగుళములలో చెప్పుదురు. టర్బో లేని పాత యంత్రములకు సాధారణముగా 20 అంగుళములు, టర్బో గలవానికి 25 అంగుళముల ప్రాంతమున ఉండును. ఎవరి యంత్రమునకు వారి పుస్తకమే ప్రమాణము.

సూచిక లేనివారు స్పష్టమైన ప్లాస్టిక్ గొట్టమును 'యు' ఆకారముగా పలకకు కట్టి, సగము నీరు పోసి, ఒక కొనను ఆ గాలిగొట్టపు రంధ్రమునకు తగిలించి చూడవచ్చును. గొట్టపు రెండు చేతులును మీటరునకు తక్కువ ఎత్తు ఉండరాదు. లేనిచో నీరు యంత్రములోనికి పోవును. టర్బో లేని యంత్రమును బరువు లేకుండ పూర్తి వేగమున త్రిప్పినపుడు రెండు చేతులలోని నీటిమట్టములకు గల భేదమే కొలత. కొలిచిన పిదప రంధ్రమును గట్టిగా మూయుట మఱువరాదు.

తెఱచినపుడు చేయవలసినవి

తెఱచుటకు ముందు డబ్బా వెలుపలి ధూళిని తుడువవలెను. ఫిల్టరును జాడించక మెల్లగా తీయవలెను. తీసిన వెంటనే గొట్టపు నోటిని శుభ్రమైన గుడ్డతో మూసి, డబ్బా లోపలిని తడిగుడ్డతో తుడువవలెను. డబ్బా క్రింద ధూళి రాలుటకై యుండు రబ్బరు మూతి చినిగియుండరాదు, పూడియుండరాదు.

క్రొత్తది వేయుటయే ఉత్తమము. అది చేతనులేనపుడు, తయారీదారు అనుమతించినచో, పొడిగాలితో లోపలినుండి వెలుపలికి ఊదవచ్చును. గాలి ఒత్తిడి 30 పౌనులకు, అనగా 2 బారులకు మించరాదు. గొట్టపుమూతిని కాగితమునకు దూరముగా పట్టవలెను. టైరు దుకాణపు యంత్రములలోని గాలి దీనికి ఎన్నోరెట్లు హెచ్చు ఒత్తిడి గలది. అది కాగితమును కంటికానని రంధ్రములుగా చీల్చును. టైరుకు వేసి కొట్టుట, నీట కడుగుట, నూనె పూయుట కూడదు.

ఊదిన పిమ్మట చీకటిలో ఫిల్టరు లోపల ఒక దీపము నుంచి చుట్టును త్రిప్పి చూడవలెను. ఎక్కడనైన సూదిమొనయంత వెలుగు చుక్క కనబడినచో దానిని పాఱవేయవలెను. కొన్ని బండ్లలో పెద్ద ఫిల్టరు లోపల చిన్న రక్షణ ఫిల్టరు ఉండును. దానిని ఎన్నడును ఊదరాదు, దులుపరాదు. పెద్దదానిని మూడుమాఱులు మార్చినపుడు దానిని ఒకమాఱు మార్చవలెను. క్రొత్త ఫిల్టరులను పెట్టెలోనే, తేమకును ఎలుకలకును అందనిచోట దాచవలెను.

ఫిల్టరు వెనుకనున్న గొట్టము

ఇంతవఱకు చెప్పినది ఫిల్టరును గూర్చి. మన లారీని చెఱచిన ధూళి చాలవఱకు ఫిల్టరుగుండ రాలేదు.

సమావేశము ముగిసిన రెండవ దినమున మెకానిక్కు మమ్ము షెడ్డుకు పిలిపించెను. ఫిల్టరునుండి యంత్రమునకు పోవు గొట్టములో తెల్లని గుడ్డను త్రిప్పి తీసి చూపెను. గుడ్డపై విభూతివంటి సన్నని ధూళి అంటియుండెను. ముందుగా ఫిల్టరులో దీపముంచి రెండు వెలుగు చుక్కలను చూపెను. అవి మా టైరు దుకాణపు ఆజ్ఞ ఫలము. పిమ్మట గొట్టములను కలుపు రబ్బరు మోచేతిని విప్పి, అడుగుభాగమును పైకి త్రిప్పి వంచెను. పైన నిగనిగలాడుచున్న ఆ రబ్బరు క్రిందిభాగమున వ్రేలు దూరునంత పగిలియుండెను. "అయ్యా, ఇది నిన్న మొన్న పగిలినది కాదు, ఫిల్టరు ఎంత మంచిదైనను, దాని వెనుక ఇట్టి కంత యుండగా ఏమి లాభము?" అని యాతడనెను.

అచ్చటనే నిలుచుండిన డ్రైవరు ఏమియు మాటలాడలేదు. బండిలోనుండి లాగుపుస్తకమును తెచ్చి మా చేతికిచ్చెను. మూడుచోట్ల ఆతని వ్రాత యుండెను: రబ్బరు మోచేయి పగిలినది, మార్పించవలెను. మూడుచోట్లను ప్రక్కన ఎఱ్ఱసిరాతో వ్రాసియుండెను: వచ్చే నెల చూడవచ్చును. ఆ ఎఱ్ఱసిరా వ్రాత మాది.

ధూళికి రెండు దారులు ఏర్పడినవి. రెంటిని తెఱచినది మేమే. ఒకటి మా ఆజ్ఞవలన, ఒకటి మా జాప్యమువలన. మేము మిగుల్చ తలపెట్టినది ఒక రబ్బరు ముక్క వెల, ఒక ఫిల్టరు వెల. అందులకై చెల్లించినది ఆరు సిలిండర్ల మరమ్మతు, అద్దెలారీల కూలి, సభ్యుల తడిసిన ధాన్యము. అంతకంటె బరువైనది, నిర్దోషి యైన ఒక పనివాని పేరు నిండుసభలో చెడుట. ఆతని నిలుపుదల సొమ్మును వెంటనే చెల్లించితిమి. సభలో అన్నమాటను సభలోనే ఉపసంహరించుకొనుట ధర్మము గాన, రాబోవు సమావేశమున మొదటి విషయముగా దానిని చేర్చితిమి. అంతవఱకు ఆగుట తగదని ఈ పత్రికలో ముందుగానే ప్రకటించుచున్నాము.

సభ్యులు తమ బండ్లయందు ఈ గొట్టములను నెల కొకమాఱైనను చూడవలెను. రబ్బరును వంచి, అడుగుభాగమును చేతితో తడవి చూడవలెను. కంటితో పైన చూచిన చాలదు. బిగింపు పట్టీలు సడలియుండరాదు. యంత్రము ఎక్కువగా అదరుటవలన ఇనుపగొట్టములు అతుకులకడ చీలవచ్చును. ఫిల్టరు దాటిన గొట్టములో తెల్లగుడ్డ త్రిప్పి చూచుట అన్నిటికంటె సులభమైన పరీక్ష. గుడ్డ తెల్లగా వచ్చినచో నిశ్చింత. ధూళి అంటినచో, కారణము తెలియువఱకు బండిని నడుపరాదు. ఇంజను ఆయిలును పరీక్షాలయమునకు పంపగలవారు అందులో సిలికాను పాలు పెరిగినదేమో అడుగవలెను. అది పెరుగుట ధూళి దూరుచున్నదనుటకు గుర్తు.

సంఘము చేసిన ఏర్పాట్లు

ఇకమీదట పాటించుటకు కార్యవర్గము ఈ నిర్ణయములు చేసినది. లాగుపుస్తకములో డ్రైవరు వ్రాసిన ప్రతి దోషమునకును ఆ దినముననే సమాధానము వ్రాసి సంతకము చేయవలెను. వాయిదా వేసినచో దానికి కారణమును, బాధ్యత వహించువారి పేరును వ్రాయవలెను. లారీకి అడ్డగింపు సూచికను బిగించవలెను. సార్వా, దాళ్వా కోతలకు పూర్వము ఒక క్రొత్త ఫిల్టరును, ఒక రబ్బరు మోచేతిని, నాలుగు బిగింపు పట్టీలను గిడ్డంగిలో సిద్ధముగ ఉంచవలెను. ఫిల్టరు మార్చిన తేదీని, కిలోమీటర్లను డబ్బాపై రంగుతో వ్రాయవలెను.

సభ్యుల ట్రాక్టరులకును లారీలకును కావలసిన ఫిల్టరులను ఒక్కుమ్మడిగా తెప్పించు ఆలోచన కూడ కలదు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి కొనునపుడు అంగడివాడు ఇచ్చినదే సరకు. పదుగురము కలిసి కొనునపుడు సరియైన సరకును రసీదుతో అడిగి తీసికొనగలము. సహకారమునకు అర్థ మిదియే గదా! తమ బండి మాదిరిని, యంత్రపు నంబరును, ఇప్పుడున్న ఫిల్టరుపైనున్న పార్టు నంబరును సంఘ కార్యాలయమున వ్రాయించిన సభ్యులకు కోతలకు ముందే సరకు అందునట్లు ప్రయత్నింతుము.

చివరగా నొక మనవి. ఈ వ్యాసమును చదివిన నాడే తమ బండికడకు పోయి, ఫిల్టరు వెనుకనున్న గొట్టపు అడుగుభాగమును చేతితో తడవి చూడుడు. బండి నడుపువాడు ఆ గొట్టమును గూర్చి ఇదివఱకే తమతో ఏమైనను చెప్పియున్నాడేమో జ్ఞాపకము చేసికొనుడు. చెప్పియున్నచో, వచ్చే నెలవఱకు ఆగవలదు.